చదివిన మాటకు గొంతు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి
కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమల్ల నుంచి బహిరంగ లేఖ

మంత్రిగారూ,



పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఇంగ్లీషు పేపరుకు వంద మార్కులు. ఆ వందా నోరు తెరవకుండానే తెచ్చుకోవచ్చు. ఖాళీలు పూరిస్తే మార్కులు, లేఖ రాస్తే మార్కులు, పేరా చదివి జవాబులు రాస్తే మార్కులు. చదివిన మాటను పైకి అనగలవా అని బడిలో అడిగేవాళ్లు లేరు. ఆ ప్రశ్న తర్వాతెప్పుడో ఎదురవుతుంది. ఇంటర్వ్యూ గదిలో, ఉద్యోగం చేతికి అందేలా ఉన్న క్షణంలో ఎదురవుతుంది. అక్కడ అడిగేవాళ్లకు నేర్పే బాధ్యత లేదు, నవ్వే హక్కు మాత్రం ఉందనుకుంటారు. ఆ నవ్వు గురించీ, దానికి ముందు మీ శాఖ చేయగలిగిన పని గురించీ ఈ లేఖ.

నేను ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ని. సొంతూరు కలమల్ల. ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. జమ్మలమడుగు నుంచి, పులివెందుల వైపు పల్లెల నుంచి కూడా వస్తారు. వీళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నవాళ్లు. ఇంట్లో ఆ భాష వినపడదు. బడిలో వినపడ్డా, పాఠం చదివి తెలుగులో అర్థం చెప్పడం వరకే. మిగతాదంతా పుస్తకం, పేపరు, గ్రంథాలయం. మాట తెలుసు, అర్థం తెలుసు, స్పెల్లింగు తెలుసు. దాన్ని ఎట్లా అంటారో ఎవరూ అనగా వినలేదు.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. తండ్రి మా ఊరి థర్మల్ ప్లాంటులో బొగ్గు దించే చోట కాంట్రాక్టు పని చేస్తాడు. జిల్లా పరిషత్ బడిలో చదివి, డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైన పిల్ల. ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇచ్చే ఒక చోట, తన గురించి చెప్పుకోమంటే, పట్టుదల గల మనిషినని చెప్పబోయి ‘డిటర్మైన్డ్’ అంది. కుర్చీలో ఉన్నాయన ఆపాడు. ‘ఏ మైనమ్మా? మంగంపేట ముగ్గురాళ్ల మైనా?’ అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆ పిల్ల వాక్యం ముగించలేదు. మరుసటి వారం మా ఇంటి వసారాలో అదే ప్రశ్న నేను అడిగితే ‘ఐ యామ్ స్ట్రాంగ్’ అంది. ఆ మాట ఎందుకు వదిలేశావమ్మా అన్నాను. ‘చిన్న మాటలయితే ఎవురూ నగరు సార్’ అంది.

మంత్రిగారూ, నష్టం ఇక్కడుంది. తప్పు పలకడం చిన్న సంగతి, రెండు నిమిషాల్లో సరిచేయొచ్చు. నవ్వులపాలైన పిల్ల తనకు తెలిసిన మాటల్ని ఒక్కొక్కటే పక్కన పెడుతుంది. రాతలో రెండు వేల మాటలున్న మనిషి నోటికి వచ్చేసరికి రెండు వందలతో సరిపెట్టుకుంటుంది. ఎదుటివాళ్లు ఆ రెండు వందలే విని, ఈ పిల్లకు ఇంగ్లీషు రాదని తేల్చేస్తారు.

ఆ పిల్ల ‘డిటర్మైన్’ అని ఎందుకు చదివిందో కాస్త చూడండి. ఫైన్, లైన్, నైన్, మైన్, వైన్. ఐ, ఎన్, ఇ వరసగా వస్తే ‘ఐన్’ అని బడి నేర్పింది. ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. మరి అదే పిల్ల ఇంజిన్‌ను ‘ఇంజైన్’ అనదు. మెడిసిన్‌ను ‘మెడిసైన్’ అనదు. ఆ మాటల చివర కూడా ఉన్నవి అవే మూడు అక్షరాలు. తేడా ఒక్కటే. ఇంజిన్‌ను ట్రాక్టరు దగ్గర విన్నది, మెడిసిన్‌ను ఆసుపత్రి దగ్గర విన్నది. ‘డిటర్మిన్’ను మాత్రం ఎవరి నోటా వినలేదు.

ఇంకో జత చెప్తాను. సందేహానికి ఇంగ్లీషు మాటలో ఒక బి ఉంది, అప్పుకు ఇంగ్లీషు మాటలో ఒక బి ఉంది. రెండూ మూగవే. బడి గడప తొక్కని పెద్దాయన కూడా మా ఊళ్లో ‘నాకో డౌటు’ అని శుద్ధంగా అంటాడు. కామర్సు చదివిన వాళ్ల మనవడు మాత్రం అప్పును ‘డెబ్ట్’ అంటాడు. తాత చెవితో నేర్చుకున్నాడు, మనవడు బుక్ కీపింగు పుస్తకంలో నేర్చుకున్నాడు. రసీదును ‘రిసీప్ట్’ అనేవాళ్లు, చిరుతపులిని ‘లియోపార్డ్’ అనేవాళ్లు, గందరగోళాన్ని ‘చావోస్’ అనేవాళ్లు, కూలిన కట్టడం శిథిలాలను ‘డెబ్రిస్’ అనేవాళ్లు అందరూ ఈ మనవడి వరసే. రిసీట్, లెపర్డ్, కేయాస్, డెబ్రీ అని ఒక్కసారి ఎవరైనా వాళ్ల ఎదుట అని ఉంటే సరిపోయేది. సైన్యంలో ‘కర్నల్’ అని పలికే హోదాను మన పత్రికలు నేటికీ ‘కల్నల్’ అనే అచ్చేస్తున్నాయి. పెద్దవాళ్లే కళ్లతో చదువుతుంటే పిల్లల్ని ఏమనగలం?

ఆ బి అక్కడికి ఎట్లా వచ్చిందో తెలిస్తే పిల్లల మీద కోపం రాదు. పాత ఇంగ్లీషు రాతల్లో ఆ రెండు మాటల్లోనూ బి లేదు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో అక్కడి పండితులు ఈ మాటలకు మూలం లాటిన్‌లో ఉందని చూపించుకోవడానికి దాన్ని రాతలోకి ఎక్కించారు. జనం నోళ్లు మాత్రం పాతదారినే పోయాయి. ద్వీపానికి వాడే మాటలో ఎస్ అక్షరం ఇంకా విడ్డూరం. ఆ మాటకు లాటిన్‌తో సంబంధమే లేదు, ఉందని పొరబడి చేర్చారు. దీనికి తోడు కాక్స్టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టడం మొదలుపెట్టాయి. ఆ రెండు మూడు వందల ఏళ్లలోనే ఇంగ్లీషు దీర్ఘాచ్చుల పలుకు మారిపోయింది. రాత ఒక కాలానిది, పలుకు ఇంకో కాలానిది. బెర్నార్డ్ షా ఈ బాధ భరించలేక కొత్త లిపి తయారు చేయమని వీలునామాలో డబ్బు రాసిపెట్టాడు. ఆయన పోయాక 1962లో ఆయన నాటకం ఒకటి ఆ లిపిలో అచ్చయింది కూడా. లోకం మాత్రం పాత స్పెల్లింగునే పట్టుకుంది. ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లు సైతం పుస్తకాల్లో ముందుగా చూసిన మాటల దగ్గర తడబడతారు. ‘తప్పుదారి పట్టించిన’ అనే అర్థమున్న ‘మిస్‌లెడ్’ను చిన్నప్పుడు ‘మైజిల్డ్’ అని చదువుకున్నామని చెప్పే ఇంగ్లీషువాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను చదువురానివాళ్లని ఎవరూ అనరు, పుస్తకాల పురుగులంటారు.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. తెలుగు అక్షరం మాట తప్పదు. గుణింతాలు వచ్చిన పిల్ల, పుట్టాక ఒక్కసారీ వినని ఊరి పేరును బస్సు బోర్డు మీద చూసి తప్పులేకుండా చదువుతుంది. ఆ నమ్మకంతోనే ఇంగ్లీషు పేజీ తెరుస్తుంది. నిజానికి మన లిపి కూడా అక్కడక్కడా అడ్డదారి తొక్కుతుంది. బ్రహ్మంగారిమఠం మా జిల్లాలోదే. రాతలో హ ముందు, మ తర్వాత. ఎవరిని పలకమన్నా మ ముందొస్తుంది, పల్లెల్లో అయితే ‘బ్రమ్మంగారు’ అంటారు. జ్ఞానాన్ని రాసినట్టు పలికేవాళ్లు నాకు తగల్లేదు. అయినా ఏ పిల్లా ఈ మాటల దగ్గర నవ్వులపాలు కాదు, చదవడానికి ముందే విని ఉంటుంది గనక.

ఈ విషయంలో మా ఊరి రాయికి కూడా చెప్పేది ఉంది. చెన్నకేశవ, సిద్ధేశ్వర ఆలయ ప్రాంగణంలోని మా శాసనం పేరు మీరు వినే ఉంటారు. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. క్రీస్తుశకం 575 ప్రాంతానిదని, మనకు దొరికిన తొలి పూర్తి తెలుగు శాసనమని పండితులు లెక్కగట్టారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన నాటి నుంచి మా ఊరి పేరు సభల్లో వినపడుతూనే ఉంది. ఆ రేనాటి చోళుల శాసనాల్లో ఱ, ఴ అని రెండు అక్షరాలు కనిపిస్తాయి. బండి ఱ ఇప్పటికీ మన వర్ణమాలలో ఉంది. ఒకప్పుడు దానికి వేరే పలుకు ఉండేది, ఇప్పుడు ర లాగే అంటున్నాం. రెండో అక్షరం నన్నయ కాలానికే తెలుగువాళ్ల వాడుకలోంచి జారిపోయింది. ‘చోఴ’ మన నోట ‘చోడ’ అయింది. 2014లో ఆ అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడు సెల్‌ఫోనులో టైపు చేయొచ్చు. పలకాలంటే మాత్రం తమిళుల దగ్గరికి పోయి వినాలి. మన శాసనమే మనకు చూసి చదివితే పలకదు. ఇంకో దేశం మాటలు చూసి పలకమని పదేళ్ల పిల్లను వదిలేస్తున్నాం.

కంటిచదువు, చెవిచదువు ఎట్లా వేరుపడతాయో చూడాలంటే కలమల్లలో ఒక పూట నిలబడితే చాలు. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మా ఊరి దగ్గరే ఉంది. 1994లో మొదటి యూనిట్ మొదలైంది, ఇవాళ ఆరు యూనిట్లు కలిసి 1,650 మెగావాట్ల సామర్థ్యం. షిఫ్టు దిగి టీ అంగడి దగ్గర చేరిన కూలీలు బాయిలర్, కన్వేయర్, బంకర్, షట్‌డౌన్, లైటప్ అని గుక్కతిప్పుకోకుండా మాట్లాడుకుంటారు. వాళ్లలో సగం మందికి ఆ మాటల స్పెల్లింగు రాదు. పక్క బల్లమీద పేపరు చదువుతున్న డిగ్రీ కుర్రాడికి వాటన్నిటి స్పెల్లింగూ వచ్చు, అందులో కొన్ని అనడానికి సందేహం. ఒకరి దగ్గర ధ్వని ఉంది, ఒకరి దగ్గర అక్షరం ఉంది. రెండిటినీ ఒకచోట కలపాల్సింది బడి. ఆ పని జరగడం లేదు.

పాతకాలం వాళ్లు ఈ రెండూ కలిసేలా చూసుకున్నారు. పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో తెలుగు పండితుడిగా పనిచేసినవారు, శివతాండవం రాసింది ఆ ఊళ్లోనే. పద్నాలుగు భాషలు వచ్చిన మనిషి. చిన్నతనంలో పెనుకొండలో సబ్ కలెక్టరు భార్య పిట్ దొరసాని దగ్గర కూర్చుని ఇంగ్లీషు సాహిత్యం చెప్పించుకున్నారు. అంత చదువరి కూడా ఆ భాషను పుస్తకానికే వదిలేయలేదు, ఒక మనిషి గొంతులో విన్నారు. గిడుగు రామమూర్తి గారు సవర భాషను ఆ జనం నోటి నుంచే నేర్చుకున్నారు, అప్పటికి దానికి పుస్తకాలే లేవు. ఆ గిడుగు వారిని వ్యావహారిక భాషోద్యమంలోకి కదిలించింది కూడా ఇట్లాంటి చిక్కే. 1906–07 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర పుస్తకాల్లో తెలుగు నేర్చుకున్నాడు. వీధిలోకి వస్తే జనం వేరే మాట్లాడుతున్నారు. నేను చదివిన తెలుగు మీరెవరూ ఎందుకు మాట్లాడరని అడిగాడు. ఆయన్ను చూసి నవ్వి వదిలేయలేదు మన పెద్దలు. ఆయన ప్రశ్నలో న్యాయముందని ఒప్పుకున్నారు, దానిమీద ఉద్యమమే నడిపారు. నేర్చుకునేవాడు దొర అయితే తప్పు పుస్తకానిది, మన పల్లె పిల్ల అయితే తప్పు ఆ పిల్లది. ఇదేం న్యాయం?

ఆ మాటకొస్తే మా జిల్లా పేరే చూడండి. కడప అని విని దొరలు తమ అక్షరాల్లో రాసుకుంటే అది చదివినవాళ్లకు ‘కుడ్డపా’ అయింది. 2005లో సర్కారువారు స్పెల్లింగు మార్చేదాకా అదే నడిచింది. కడప బండలు నేటికీ ఆ పాత స్పెల్లింగుతోనే దేశమంతా అమ్ముడవుతున్నాయి. ఢిల్లీ, ముంబయి వ్యాపారులు దాన్ని ఎట్లా పలికినా మనం నవ్వలేదు, సరుకు లోడు చేసి పంపాం.

మంత్రిగారూ, నేను ఇంగ్లండు యాస అడగడం లేదు. మా పిల్లలు లండను వాళ్లలాగా ముక్కుతో మాట్లాడాలని నాకు లేదు. యాస మన మట్టిది, ఉండనీయండి. రైలు, బస్సు, కలెక్టరు, డౌటు తెలుగు మాటలైపోయాయి. ప్లంబర్‌లో బి పలికినా మనవాడికి అర్థమవుతుంది, కుళాయి బాగవుతుంది, అది కూడా మనదే. కడపలో ఏళ్ల తరబడి ఉన్న సి.పి. బ్రౌన్ ఇట్లా తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు 1854లోనే ఒక నిఘంటువు వేశాడు. తెలుగు వాక్యంలో వాడే ఇంగ్లీషు మాటకు తెలుగు పలుకే పలుకు. నేను చెప్పేది ఇంగ్లీషు వాక్యం గురించి. అవతలివాడికి అర్థం కావాలి, మాట్లాడేవాళ్లకు సిగ్గు కాకూడదు. కొలత ఆ రెండే.

ఏ తప్పు వల్ల అర్థం చెడుతుందో తేల్చిన పుస్తకం మన హైదరాబాదు నుంచే వచ్చింది. కేంద్ర ఆంగ్ల సంస్థ 1958లో అక్కడ పెట్టారు, ఇప్పుడది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాలవాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో ఆర్.కె. బన్సల్ పరీక్షించి చూసిన ఫలితాలను ఆ సంస్థ 1969లో ప్రచురించింది. అర్థం కాకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటిగా ఆయన చూపింది ఊనిక తప్పడం. ఇంగ్లీషు మాటలో ఏదో ఒక అక్షరాన్ని నొక్కి పలుకుతారు, మిగతావి మింగేస్తారు. ఫొటోగ్రాఫ్‌లో మొదటిదాన్ని నొక్కుతారు, ఫొటోగ్రఫర్‌లో రెండోదాన్ని, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదాన్ని. తెలుగులో అక్షరాలన్నిటికీ ఇంచుమించు ఒకే బరువు. ఈ తేడాను పదో తరగతి పరీక్షలో ఎవరూ అడగరు. పుస్తకంలో మాటను ఎంతసేపు చూసినా ఊనిక కనపడదు, వినాల్సిందే. నిఘంటువులో మాట పక్కన తలకిందులైన ఇ లాంటి గుర్తు కనిపిస్తుంది. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినపడే అచ్చు అదే. వాళ్ల ఇరవయ్యారు అక్షరాల్లో దానికంటూ ఒక అక్షరం లేదు. ఆ గుర్తులు చదవడం మాకెవరూ నేర్పలేదని నా దగ్గరికొచ్చే పిల్లలు చెప్తారు. మీ శాఖ విద్యార్థి కిట్లలో నిఘంటువులు కూడా పంచింది. తాళం చేతికిచ్చారు, తాళంచెవి ఇవ్వడం మరిచారు.

అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీల్లో తెలుగు పిల్లలు గెలిచారని మన పేపర్లు పండగ చేస్తాయి. 2024లో గెలిచిన బృహత్ సోమ కుటుంబ మూలాలు నల్గొండలో ఉన్నాయి. తొంభై సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పాడు. ఆ పోటీ ఎట్లా నడుస్తుందో గమనించారా? ముందు ఒకాయన మాటను స్పష్టంగా పలుకుతాడు. పిల్లవాడు మళ్లీ పలకమనొచ్చు, ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు, వాక్యంలో వాడి చూపమనొచ్చు. ఆ తర్వాతే అక్షరాలు. బృహత్‌ను గెలిపించిన మాట, తాడు పట్టుకుని కొండ దిగడానికి వాడేది, స్పెల్లింగు చూసి చదివితే మా పిల్లలు ‘అబ్సీల్’ అంటారు. దాన్ని ‘యాబ్‌సెయిల్’ అంటారు. అక్కడి పిల్లవాడికి మాట చెవి ద్వారా చేరుతుంది, అక్షరాలు వెతుక్కుంటాడు. ఇక్కడి పిల్లకు అక్షరాలే చేరతాయి, ధ్వనిని ఊహించుకోవాలి. రెండూ తెలివే. ఒకదానికి కప్పు ఇస్తారు, ఇంకోదానికి నవ్వు.

మీడియం గొడవలోకి నేను పోను. 2019లో జీవో రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేయడం, ఆ వాదనలన్నీ మీకు తెలుసు. ఆ గొడవ మధ్యలోనే ఒక మంచి పని జరిగింది. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. చాలా బడుల్లో గోడలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఎక్కాయి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. అంటే కాగితం ఉంది, తెర ఉంది, స్పీకరు ఉంది. కావాల్సిందల్లా వాటిలో గొంతు పెట్టడం. అందుకని మిమ్మల్ని నాలుగు అడుగుతున్నాను.

ఒకటి. ప్రతి ఇంగ్లీషు పాఠంలో వచ్చే కొత్త మాటల పట్టికకు, మాట, అర్థం పక్కన, మూడో గడి ఒకటి చేర్చండి. అందులో తెలుగు లిపిలో ఉచ్చారణ ఉండాలి, నొక్కాల్సిన అక్షరం కింద గీత ఉండాలి. తెలుగు లిపి చాలదని పండితులు అంటారు. నిజమే, ఎఫ్, జెడ్ ధ్వనులకు మనకు అక్షరాల్లేవు. కానీ బ్యాంకు, బ్యాగు అని రాసుకుని ఒక అచ్చుకు దారి చేసుకున్న జాతి మనది, మిగతావాటికీ చేసుకుంటాం. విద్యా పరిశోధన శిక్షణ సంస్థ, హైదరాబాదు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం వాళ్లు, కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కూర్చుంటే ఒక పద్ధతి తేలుతుంది. ధ్వనిలిపి ఆరో తరగతి తర్వాత నేర్పవచ్చు. మూడో తరగతి పిల్లకు తెలుగు లిపే మెట్టు.

రెండు. ఆ పట్టికనే గొంతుతో రికార్డు చేయించి ప్యానెళ్లలో, క్యూఆర్ కోడ్‌లలో పెట్టండి. రోజుకు పది నిమిషాలు చాలు. టీచరు తనకు ఖాయంగా తెలియని మాటను పిల్లలతో పాటు వినొచ్చు, అందులో చిన్నతనం లేదు. ప్యానెల్ లేని చోట ఆకాశవాణి కడప కేంద్రం ఉంది, రేడియో పాఠం మనకు కొత్తదేమీ కాదు.

మూడు. పదో తరగతి ఇంగ్లీషులో ఇరవై మార్కులు వినడానికి, మాట్లాడడానికి కేటాయించండి. ముందు టీచర్లకు శిక్షణ ఇచ్చి, రెండేళ్లు మార్కులు లేకుండా నడిపి, ఆ తర్వాతే లెక్కలోకి తీసుకోండి. యాసకు మార్కులు కోయకూడదని స్పష్టంగా రాయండి. లేకపోతే ఉచ్చారణ పేరుతో ఇంకో కోచింగు దుకాణం తెరుచుకుంటుంది, డబ్బున్న పిల్లలే మళ్లీ గెలుస్తారు. 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పల్లె పిల్లల్ని పదో తరగతి మార్కుల మీద తీసుకుంటోంది. అక్కడ చేరే పిల్లకు మొదటిరోజు నుంచే చదువంతా ఇంగ్లీషులో. ఆ పిల్ల నోరు విప్పడానికి ఒక ఏడాది వృథా కాకుండా ఈ ఇరవై మార్కులు కాపాడతాయి.

నాలుగు. ప్రభుత్వ ఉద్యోగాల మౌఖిక పరీక్షలు నడిపేవాళ్లకు, మన కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలకు ఒక మార్గదర్శకం పంపించండి. అభ్యర్థి మాటను వాక్యంలో సరైన అర్థంతో వాడితే, ఉచ్చారణ తప్పినా ఆ మాట వచ్చినట్టే లెక్కించాలి. సరిదిద్దాలనిపిస్తే తమ జవాబులో ఆ మాటను సరిగ్గా ఒకసారి అంటే చాలు, వినేవాళ్లు పట్టుకుంటారు. ‘నువ్వు డిటర్మిన్డ్ అంటున్నావు కదా, ఒక ఉదాహరణ చెప్పు’ అని అడిగి ఉంటే ఆ రోజు ఆ అమ్మాయి మాటా నేర్చుకునేది, వాక్యమూ ముగించేది. టీచర్ల శిక్షణలో ఈ ఒక్క పద్ధతి పెట్టినా సగం పని అవుతుంది.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకం పేరు అక్కర్లేదు. పుస్తకాలు ఎటూ ఏటా అచ్చేస్తారు, వచ్చే ఏటి పుస్తకంలో ఒక గడి ఎక్కువ పెడితే చాలు.

ఈ లేఖ చదివే టీచర్లకు, తల్లిదండ్రులకు, ఇంటర్వ్యూ బల్లకు అటువైపు కూర్చునే పెద్దలకు కూడా ఒక మాట. ఒక పిల్ల ఇంగ్లీషు మాటను రాసినట్టే చదివిందంటే, ఆ మాటను ఎవరూ చెప్పకుండా తనంతట తాను పుస్తకంలో పట్టుకుందని అర్థం. దాన్ని తప్పుగా లెక్కేసే ముందు ఆ కష్టాన్ని లెక్కేయండి. సరైన పలుకు మీకు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే కలిసి వెతకండి. నవ్వడం మాత్రం మానండి.

మంత్రిగారూ, వచ్చే విద్యాసంవత్సరం పుస్తకాలు అచ్చుకు పోకముందే ఆ మూడో గడి సంగతి తేల్చమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
రిటైర్డు ఇంగ్లీషు అధ్యాపకుడు,
కలమల్ల